కమ్మీ పైనా, కిందా?

మా ఆయన పోయిన రోజు మంగళవారం. ఆరో తరగతికి భిన్నాల కూడిక చెబుతున్నాను. బోర్డు మీద రెండు లెక్కలు వేసి వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో పెద్ద మేడం నిలబడి ఉంది. క్లాసు జరుగుతుంటే ఆవిడ ఎప్పుడూ రాదు. "ఒక్క నిమిషం బయటికి రామ్మా" అంది. చేతిలో సుద్దముక్కతోనే వెళ్ళాను. ఆసుపత్రి వరండాలో ఎవరో నా వేళ్ళు విడదీసి తీసుకునేదాకా అది నా దగ్గరే ఉంది. ఆ ప్రమాదం గురించి నాకు స్వయంగా తెలిసింది ఇంతే. మిగతాదంతా ఇతరులు చెప్పగా విన్నాను. విన్నదాన్ని ఏడు నెలలు నమ్మాను.

ఇంతవరకూ జరిగింది కొద్ది మాటల్లో చెబుతాను. మా ఆయన కుట్టుమిషన్లు బాగుచేసేవారు. కింద దుకాణం, పైన ఇల్లు. ఇల్లు చాలడం లేదని పైభాగం పెంచి, దుకాణం గుమ్మం మీదుగా వీధివైపు నాలుగున్నర అడుగుల బాల్కనీ వేయించాం. పని చేసినవాడు ఊళ్ళో అందరికీ తెలిసిన కాంక్రీటు కాంట్రాక్టరు. బాల్కనీ పోసిన తొమ్మిదో రోజు ఉదయం దాని కింది ఊతకర్రలు తీశారు. రెండు గంటల తర్వాత ఆయన షట్టరు పైకెత్తుతుంటే బాల్కనీ విరిగి మీద పడింది. ఇరవై ఎనిమిది రోజులు ఆగవలసిన చోట ఇంటి యజమాని తొందరపడి కర్రలు తీయించాడని విచారణ కాగితంలో రాశారు. కాంట్రాక్టరు మీద ఈగ వాలలేదు.

ఇప్పుడు మా బడి మేడ మీద గదుల ముందున్న వరండాను వెడల్పు చెయ్యాలని కమిటీ తీర్మానించింది. పని అదే మనిషికి ఇవ్వడానికి అందరూ ఒప్పుకున్నారు. ఉపాధ్యాయుల తరఫున సంతకం పెట్టవలసింది నేను. అతన్ని ఒక్క ప్రశ్న అడిగాకే పెడతానన్నాను. అడిగేందుకు శనివారం మధ్యాహ్నం పిలిపించారు.

శనివారం ఒంటిపూట బడి. పిల్లలు వెళ్ళిపోయాక మేడ మీద పెద్ద మేడం గదిలో ఐదుగురం కూర్చున్నాం. గోడవారగా హాజరు పట్టీల బీరువా, దాని మీద ఇరుసు ఊడిన గ్లోబు. బల్ల మీద పరిచిన వరండా నక్షా చుట్టుకుపోకుండా ఒక మూల స్టాంపు ప్యాడు, ఒక మూల గంట కొట్టే సుత్తి పెట్టారు. కమిటీ సెక్రటరీ గారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. ఆయన పక్కన మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు. ఈ కమిటీలో సభ్యుడు. కాంట్రాక్టరును బడికి పరిచయం చేసినదీ, అంతకుముందు మా ఇంటికి తీసుకొచ్చినదీ ఆయనే.

కాంట్రాక్టరు మాట మాటకీ "నాదీ భరోసా" అంటాడు. అతని లారీ మీదా, కాంక్రీటు మాలు కలిపే యంత్రం మీదా, వీధి మలుపులో బోర్డు మీదా కూడా అదే రాసి ఉంటుంది. దాంతో భరోసా అనే పేరే స్థిరపడింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఇప్పుడు అతనికైనా గుర్తుందో లేదో. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. కాంక్రీటు పని చేసేవాడి చొక్కా అంత తెల్లగా ఉందంటే పని మరెవరో చేస్తున్నారని అర్థం. అతను నవ్వితే ముఖంలో పళ్ళు తప్ప మరేవీ పాలుపంచుకోవు.

ఆ పని చేసే మరెవరో కూడా వెంట వచ్చారు. ఇనుప కమ్మీలు వంచి కట్టే ముసలి మేస్త్రి. భుజం మీద తువ్వాలు, అరచేతుల్లో కమ్మీల తుప్పు దిగిపోయి ఎర్రబడ్డ గీతలు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "ముప్పై ఏళ్ళ అనుభవం సార్, చూపిద్దామని తీసుకొచ్చా" అన్నాడు భరోసా, సంతలో పశువు దంతాలు చూపించినట్టు.

తర్వాత ఒక ఆల్బం తీశాడు. ప్లాస్టిక్ కవర్లలో ఫోటోలు.

"ఇటు ఇళ్ళు సార్. అటు దుకాణాలు, గోదాములు, ఒక కల్యాణమంటపం. ఇళ్ళకో రకం, వ్యాపారాలకో రకం పని అంటూ మన దగ్గర ఉండదు. అన్నిటికీ ఒకటే చెయ్యి. నాదీ భరోసా."

"గోదాముకీ ఇంటికీ ఒకేలా పోస్తే ఎలాగండీ? బరువులు వేరు కదా" అంది పెద్ద మేడం.

"అదే మేడంగారూ చెప్పేది. గోదాముకి పోసినంత గట్టిగా మీ బడికీ పోస్తా. ఏనుగుల్ని నడిపించుకోండి."

"మాకు ఏనుగుల్లేవు. ఏడో తరగతి ఉంది" అన్నారు సెక్రటరీ గారు. "ఇంటర్వెల్ గంట కొడితే అంతకంటే ఘోరం."

అందరూ నవ్వారు. బావగారు కాస్త ఎక్కువ నవ్వారు. ఏడాది క్రితం ఇదే మనిషి మా ముందుగదిలో కూర్చుని ఇలాగే ఆల్బం తిప్పాడు. అప్పుడూ బావగారు నవ్వారు. నేను టీ పెట్టి తెచ్చాను. మంచి టీ.

సెక్రటరీ గారు నా వైపు తిరిగారు. "ఏదో అడగాలన్నారు కదా టీచర్. అడగండి. తర్వాత సంతకాలు పెట్టుకుని లేద్దాం, ఎండ దిగుతోంది."

నేను నక్షా నా వైపు లాక్కున్నాను. వరండాను పక్కనుంచి కోసి చూపించిన బొమ్మ అందులో ఉంది. గది భాగంలో ఇనుము గీత కింద ఉంది. గోడ దాటి వరండాలోకి వచ్చేసరికి అదే గీత పైకెక్కింది. ఎందుకో తెలియక నక్షా గీసిన ఇంజనీరమ్మను గురువారం అడిగాను. ఆవిడ ఐదు నిమిషాల్లో చెప్పింది. ఆ ఐదు నిమిషాల తర్వాత రెండు రాత్రులు నాకు నిద్ర లేదు.

"ఒక్కటే అడుగుతాను. ఈ వరండాకి అటు చివర స్తంభాలు లేవు. గోడలోంచి బయటికి పొడుచుకు వస్తుంది. దీంట్లో కమ్మీలు ఎక్కడ పెడతారు?"

"నక్షాలో ఎక్కడుంటే అక్కడ టీచరమ్మా" అన్నాడు భరోసా తడుముకోకుండా.

"నక్షాలో ఎక్కడున్నాయి?"

అతను బల్ల మీదికి వంగాడు. వేలు కాగితం మీద కాసేపు తిరిగింది. బడిలో పదిహేడేళ్ళుగా పిల్లల్ని చూస్తున్నాను. పాఠం చదవనివాడి వేలు ఎలా తిరుగుతుందో నాకు తెలుసు.

"ఇదంతా ఇంజనీర్ల భాష. మనది పని. మా మేస్త్రి చూసుకుంటాడు. ఎన్ని వందల స్లాబులు కట్టాడనుకున్నారు?"

"అయితే ఆయన్నే అడుగుతాను" అని ముసలి మేస్త్రి వైపు తిరిగాను. "కమ్మీలు పైన కడతారా, కింద కడతారా, మేస్త్రీ?"

తనని మేస్త్రీ అని పిలిచి ఒకరు మర్యాదగా అడగడం అతనికి సంతోషమైంది. గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేశాడు.

"కిందే కదమ్మా. బరువు పడేది కిందికి. ఆపాల్సిన ఇనుము కూడా కిందే ఉండాలి. మంచం నవారు కింద పట్టుకోబట్టే మనం పడుకుంటున్నాం. పైన కట్టమంటే దుప్పటికి బరువు ఆపమన్నట్టు ఉంటది."

"గదికి అలా కడతారు, సరే. బాల్కనీకి?"

"గదయినా, బాల్కనీ అయినా, సజ్జయినా, స్లాబు స్లాబేగా. నా చేతుల మీద పైన ఉంచి పోసింది లేదు."

"ఆయనకి మాటలు రావు సార్, చేతులే పనిచేస్తాయి" అని భరోసా మధ్యలో అందుకున్నాడు. "నువ్వు కాసేపు బయట కూర్చో పెద్దాయనా."

"ఉండనివ్వండి" అన్నాను. "మీరు చూపిద్దామని తెచ్చారు కదా. చూస్తున్నాం."

పెద్ద మేడం పెన్నుల డబ్బాలో ఒక పొడుగు రబ్బరూ, పెన్సిళ్ళు చెక్కే బ్లేడూ ఉన్నాయి. రబ్బరుకు పైవైపు అడ్డంగా ఐదారు గాట్లు పెట్టాను. కిందివైపు కూడా అన్నే పెట్టాను. దాన్ని బల్ల అంచున సగం బయటికి ఉండేలా పెట్టి, లోపలి సగాన్ని ఎడమచేత్తో గట్టిగా నొక్కిపట్టాను.

"ఇది గోడ. బయటికి వచ్చింది వరండా. సెక్రటరీ గారూ, చివర వేలు పెట్టి నొక్కండి."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, పరీక్ష రాసే పిల్లవాడిలా జాగ్రత్తగా నొక్కారు. రబ్బరు వంగింది. పైన పెట్టిన గాట్లు నోళ్ళు తెరిచాయి. కిందివి మూసుకుపోయాయి.

"ఎక్కడ తెరుచుకుందండీ?"

"పైన."

"తెరుచుకునే చోటే కదా పట్టి ఉంచడానికి ఇనుము కావాలి?"

సెక్రటరీ గారు మళ్ళీ నొక్కారు. వదిలారు. ఇంకోసారి నొక్కారు. పెద్ద మేడం కూడా వచ్చి నొక్కింది. చివరికి ముసలి మేస్త్రి చెయ్యి తువ్వాలుకు తుడుచుకుని ముందుకు వచ్చాడు. అతని బొటనవేలు కింద ఆ రబ్బరు కనిపించకుండా పోయింది. నొక్కి, పక్కకి వంగి, కంటి దగ్గరగా పెట్టుకుని చూశాడు. మళ్ళీ నొక్కాడు. ముప్పై ఏళ్ళు కట్టినవన్నీ ఆ వేలి కింద ఒకటొకటిగా గుర్తుకొస్తున్నట్టు ఉంది అతని ముఖం. ఆ గదిలో నాకు చిన్నచూపు కలగని మనిషి అతనొక్కడే.

"కింద కడితే?" అన్నారు సెక్రటరీ గారు.

"కర్రలున్నంతసేపూ కర్రలు మోస్తాయి. కర్రలు తీశాక మోసేది ఏదీ ఉండదు. తొమ్మిది రోజులకి తీసినా అంతే, ఇరవై ఎనిమిది రోజులకి తీసినా అంతే."

ఆ మాట నేను మెల్లగానే అన్నాను. భరోసా మొదటిసారి ఆల్బం మూశాడు.

"టీచరమ్మా, మీ బాధ నాకు తెలుసు. కానీ మీ బాధని తెచ్చి బడి పనికి ముడిపెట్టకండి. ఆ రోజు కర్రలు తీయమన్నది ఎవరు? నేనా? మీ ఆయనే కదా? షాపు గుమ్మానికి అడ్డంగా ఉన్నాయి, గిరాకీ పోతోందని ఆయన పొద్దున్నే ఫోన్ చేశారా లేదా?"

"చేశారు" అన్నాను.

అది అబద్ధం కాదు. నేను అక్కడే ఉన్నాను. కర్రల మధ్యనుంచి దూరి బయటికి వెళ్ళలేక చీర చిరుగుతోందని ముందురోజు విసుక్కున్నది కూడా నేనే. ఈ ఏడు నెలలూ ఆ చిరుగు గురించి ఆలోచించని రోజు లేదు. ఫోనులో అవతలివైపు నుంచి "గట్టిపడిపోయింది సార్, తీసేద్దాం, నాదీ భరోసా" అన్న గొంతు కూడా నేను విన్నాను. ఆ రెండో సగాన్ని విచారణలో ఎవరూ అడగలేదు.

"విన్నారుగా సార్" అని భరోసా చేతులు చాపాడు. "ఆమే ఒప్పుకుంటున్నారు. ఇంటాయన తొందరకి నేనేం చేసేది? మిషన్లు రిపేరు చేసే మనిషికి కాంక్రీటు సంగతి ఏం తెలుస్తుంది?"

"ఆ సారుకి తెలుసు."

అన్నది ముసలి మేస్త్రి. రబ్బరు ఇంకా అతని చేతిలోనే ఉంది.

"నువ్వు ఆగు" అన్నాడు భరోసా.

"కుట్టుమిషన్ల సారే కదమ్మా మీ ఆయన? సన్నగా, చెవి మీద పెన్సిలు పెట్టుకుని?"

తల ఊపాను. ఆయన చెవి మీద పెన్సిలు ఉండేదని ఏడు నెలలుగా ఎవరూ నాతో అనలేదు.

"ఆ సారు కాంక్రీటు పోత రోజు పొద్దున నిచ్చెన ఎక్కి వచ్చి చూశారు. బాల్కనీకి ఇనుము పైన కట్టాలి మేస్త్రీ, నక్షా కాగితంలో అలా ఉంది అన్నారు. నేను నవ్వాను. మీరు సూదీ దారం చూసుకోండి సారూ అన్నాను. కోప్పడలేదు. నా పక్కన కూర్చుని, కమ్మీ వంచి చిన్న చిన్న స్టాండ్లు చేయించారు, పైన కట్టినవి కిందికి దిగకుండా. చైర్లు అంటాం మేము. పదకొండు చేయించారు. పైన కట్టించి, వేలితో కొలిచి చూసుకుని వెళ్ళారు. ఎక్కడో మిషన్ ఆగిపోయిందని కబురొస్తే వెళ్ళారు."

ఆయన ఆ రోజు నాకు చెప్పలేదు. చెప్పవలసిన పెద్ద సంగతి అని అనుకుని ఉండరు. పని సరిగా జరిగితే దాని గురించి మాట్లాడే అలవాటు ఆయనకు లేదు.

"తర్వాత?" అన్నారు సెక్రటరీ గారు.

"తర్వాత దింపేశాం. పైనున్న కమ్మీలు కాళ్ళకి తగిలి తట్టలు మోసేవాళ్ళు పడిపోతున్నారు. ఈయనేమో సాయంత్రంలోగా మాలు కలిపే యంత్రం గోదాము పనికి పోవాలి, తొందరగా కానివ్వమన్నాడు. చైర్లు పీకేసి కింద పరిచాం. పని సులువైపోయింది. నేను సరైనదే చేస్తున్నా అనుకున్నానమ్మా. ఇంటివాళ్ళని అడక్కుండా చెయ్యలేదు. ఈ పెద్దసారు అక్కడే ఉన్నారుగా. అడిగాం. మీకెలా వీలైతే అలా కానివ్వండి, వాడికన్నీ అనుమానాలే అన్నారు."

అతని చెయ్యి మా బావగారి వైపు ఉంది.

నేను బావగారిని చూశాను. సంతాపం చెప్పడానికి వచ్చిన ప్రతివాడికీ ఈ మనిషి మా ముందుగదిలో కూర్చుని, తమ్ముడి తొందర గురించి చెప్పాడు. "చిన్నప్పట్నుంచీ అంతే వాడు, ఒక్క క్షణం ఆగడు" అని నిట్టూర్చేవాడు. నేను లోపల వింటూ, పోయినవాణ్ణి అంత బాగా ఎరిగిన అన్న ఉండడం కూడా ఒక ఓదార్పే అనుకున్నాను. మనుషుల్ని అంచనా వెయ్యడంలో నాకు నేను వేసుకోగలిగిన మార్కులు ఇవి.

"బావగారూ, మేస్త్రి చెప్పింది నిజమేనా?"

"పోత రోజు ఎంతమంది ఎన్ని అడుగుతారమ్మాయ్? అన్నీ గుర్తుంటాయా?" బావగారు చొక్కా చేతి గుండీ పెట్టుకుంటూ, తీసుకుంటూ ఉన్నారు. "అయినా ఈ ముసలాడి మాటలు పట్టుకుని..."

"అదే నేనూ అంటున్నా" అని భరోసా తేరుకున్నాడు. "ఈయనకి నిన్న తిన్నది గుర్తుండదు. ఎవరింట్లో ఏం కట్టాడో కలిపేసుకుంటున్నాడు. పైన కట్టినవి పైనే ఉన్నాయి. నాదీ..."

"రుజువేముంది?" అన్నారు సెక్రటరీ గారు.

"రుజువంటే నా పనే రుజువు సార్. ఇన్నాళ్ళూ చెప్పుకోవడం ఇష్టం లేక ఊరుకున్నా. ఇదిగో, ఇది చూడండి." ఆల్బం మళ్ళీ తెరిచి, గబగబా తిప్పి, ఒక పేజీ బల్ల మీద పరిచాడు. "ఆపదలో ఉన్నవాళ్ళని నేను ఎలా ఆదుకుంటానో చూడండి."

అది మా ఇల్లు.

బాల్కనీ లేదు. అది ఉండవలసిన చోట గోడ ఆ చివర్నుంచి ఈ చివరిదాకా నున్నగా ఉంది. కొత్త సిమెంటు పూత, దాని మీద ఒక చేయి తెల్లసున్నం. కింద షట్టరు మూసి ఉంది. ఫోటో ఆల్బంలో 'ఇళ్ళు' అనే భాగంలో, ఒక పూలకుండీల మెట్లవరసకీ, ఒక నీళ్ళ ట్యాంకుకీ మధ్య ఉంది.

"మీరు ఆయన్ని సాగనంపి వచ్చేలోపే శిథిలమంతా ఎత్తించి, వేలాడే కమ్మీలు కోయించి, విరిగిన అంచు కనబడకుండా పూసి ఇచ్చా. ఇంటికొచ్చి ఆడమనిషి అది చూస్తే తట్టుకోగలదా అని. ఒక్క పైసా తీసుకోలేదు. తీసుకున్నానా టీచరమ్మా?"

"లేదు" అన్నాను. "నేను మీకు నమస్కారం కూడా పెట్టాను."

నిజంగానే పెట్టాను. రెండు చేతులూ జోడించి, కళ్ళనీళ్ళతో. వీధి వీధంతా మెచ్చుకుంది. మూడో రోజు విచారణకు వచ్చిన అధికారి రోడ్డు మీద నిలబడి తల ఎత్తి చూశాడు. నున్నటి గోడ తప్ప చూడడానికి ఏమీ లేదు. పోసిన తేదీ, కర్రలు తీసిన తేదీ అడిగి, ఒకదాంట్లోంచి ఒకటి తీసివేసి, తొమ్మిది అని రాసుకుని వెళ్ళాడు. మూడో తరగతి లెక్క. సరిగానే చేశాడు.

"గోడలోంచి కోసేసిన కమ్మీల మొదళ్ళు ఆ పూత వెనకే ఉంటాయి కదా మేస్త్రీ?" అని అడిగాను.

"ఎక్కడికి పోతాయమ్మా. మొదళ్ళు స్లాబులోనే ఉంటాయి. పూత మీదమీదే, అంగుళం కూడా ఉండదు. ఉలీ సుత్తీ పెడితే గంట పని. పైన కనిపిస్తే ఈయన మాట నిజం. కింద కనిపిస్తే నాది." అతను చేతిలోని రబ్బరు వైపు చూశాడు. "నాది నిజమవ్వాలని నాకేం సరదా లేదు."

భరోసా ఆల్బం తీసుకోబోయాడు. పెద్ద మేడం దాని మీద చెయ్యి పెట్టింది. పదిహేడేళ్ళలో ఆవిడ అంత నెమ్మదిగా చెయ్యి పెట్టడం చూడలేదు. "ఇది ఇక్కడ ఉండనివ్వండి" అంది.

"ఆ పూత మీకు మీరే వేశారా?" అని భరోసాని అడిగాను. "ఎవరైనా వెయ్యమన్నారా?"

అతను ఈసారి పళ్ళు చూపించలేదు. మునిగే పడవలోంచి ముందు ఎవరిని తోయాలో లెక్కవేసుకునేవాడి చూపు చూశాడు. ఎక్కువసేపు పట్టలేదు.

"సార్ చెప్పారు" అన్నాడు. "మా మరదలు వచ్చేలోపు పూయించెయ్యి అని ఫోన్ చేశారు."

బావగారు లేచి నిలబడ్డారు. కుర్చీ వెనక బీరువాకు తగిలి గ్లోబు దొర్లింది. పెద్ద మేడం పట్టుకుంది.

"నీ కోసమే చెప్పానమ్మాయ్. నువ్వు చూడలేవని."

"నేను చూడలేననా, బావగారూ? ఎవరూ చూడకూడదనా?"

ఆ మనిషి మీద నాకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. పాఠం రాని పిల్లవాడు పక్కవాడి పలక తుడిచేస్తే వచ్చేది కోపం కాదు. వాడి వైపు మళ్ళీ చూడబుద్ధి కాదు, అంతే.

సెక్రటరీ గారు గొంతు సవరించుకున్నారు. మంచి మనిషే. కానీ రెండు కాగితాల మధ్య ఒక నిజం ఇరుక్కుంటే కాగితాలు చిరగకుండా ఎలా తియ్యాలా అని ఆలోచించే రకం. "తీర్మానం అయిపోయింది టీచర్. పైగా విచారణ కాగితం ఉంది. ఒకరి మాట మీద మరొకరి మాట తప్ప మన చేతిలో ఇప్పుడు ఏమీ లేదు. సోమవారం పది గంటలకి మళ్ళీ కూర్చుందాం. ఆ పూత తీసి మీరు చూపిస్తే ఈయన ఈ గేటు తొక్కడు, విచారణ తిరగతోడమని నేనే రాసి పంపుతాను. చూపించలేకపోతే పని ఈయనదే. ఇంకో నెల ఆగితే వానలు వస్తాయి."

"ఇంజనీరమ్మ ఎదురుగా తీయిస్తాను" అన్నాను.

"నేను వస్తానమ్మా" అన్నాడు ముసలి మేస్త్రి. "ఉలి నాది."

భరోసా అతని వైపు చూసిన చూపులో రేపటి నుంచి పని ఉండదనే మాట స్పష్టంగా ఉంది. మేస్త్రి అది చూసి, రబ్బరును బల్ల మీద పెట్టి, తువ్వాలు దులుపుకున్నాడు.

అందరూ బయటికి వచ్చాక మేడ మెట్ల దగ్గర బావగారు నాకోసం ఆగారు. ఇరుకు వరండాలో మా ఇద్దరి మధ్యా ఒక చెప్పుల జత వదిలేసి వెళ్ళారు ఎవరో పిల్లలు. బావగారు దాన్ని కాలితో పక్కకి జరిపారు.

"పూత కొట్టాలంటే పై గదిలోంచి వెళ్ళాలి. లేదా షాపు ముందు నిచ్చెన వెయ్యాలి. ఇల్లు మా నాన్న కట్టింది. కాగితాల్లో ఇంకా నా పేరూ ఉంది. తాళాలు నా దగ్గర ఉన్నాయి. నేను ఒప్పుకోను."

మా ఆయన పోయాక ఆ ఇంట్లో ఉండలేక నేను బడి వెనక ఒక గది అద్దెకి తీసుకున్నాను. తాళాలు అప్పుడు నేనే ఇచ్చాను. జాగ్రత్త చేస్తారని.

"ఎందుకు ఒప్పుకోరు?"

"వాడు ఎలాగూ తిరిగి రాడు. ఇప్పుడది కొట్టి చూస్తే ఏమొస్తుంది? నేను బతికున్నాను కదమ్మాయ్. నాకు పిల్లలున్నారు. ఊళ్ళో తలెత్తుకు తిరగాలి."

ఈ మాటల్లో బావగారు ఎన్నిసార్లు తన గురించి చెప్పుకున్నారో లెక్కపెట్టాను. తమ్ముడి గురించి ఒక్కసారే. అది కూడా ఇక రాడని చెప్పడానికి.

"మీరు తలెత్తుకు తిరగండి బావగారూ" అన్నాను. "ఎత్తినప్పుడు పైన ఏముందో చూసుకోండి."

బావగారు జేబు మీద చెయ్యి వేసుకున్నారు. లోపల తాళాలగుత్తి చప్పుడైంది. మెట్లు దిగి, గేటు దగ్గర తన కోసం కారు తలుపు తీసి పట్టుకున్న భరోసా పక్కన కూర్చుని వెళ్ళిపోయారు.

ముసలి మేస్త్రి ఉలీ సుత్తీ తెచ్చుకోవడానికి ఇంటికి వెళ్ళాడు. ఫోన్ చేస్తే ఇంజనీరమ్మ ఆదివారం ఉదయం వస్తానంది. తాళం ఇంకా నా చేతికి రాలేదు. ఆయన పైన కట్టించిన కమ్మీలు ఎక్కడ ఉన్నాయో పూత తీసి చూసినవారు ఇంకా ఎవరూ లేరు. పూత అలాగే ఉంది.